‘బో’ అంటే ఆవు: ఐరిష్ భాషలోని ఒక చిన్న నామవాచకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

మేం డబ్లిన్‌లో ఉంటాం. ఇక్కడ ప్రైమరీ స్కూల్లో ఐరిష్ తప్పనిసరి. మా అమ్మాయి ఒకరోజు హోంవర్క్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఆవు బొమ్మ కింద ‘ఆ ఆవు’ అనే అర్థంలో ‘అన్ బో’ అని రాసింది. టీచర్ ఎర్ర సిరాతో బి పక్కన హెచ్ ఇరికించి, ‘అన్ వో’ అని పలకమన్నారట. “ఆవు బో అయితే ఆ ఆవు వో ఎలా అవుతుంది నాన్నా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అక్కడ మొదలైన తవ్వకం ఇది. ఇక్కడున్న తెలుగువాళ్ళు, ఐరిష్ మీద సరదా ఉన్న స్నేహితులు తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ కలిపి ఇక్కడ పెట్టాను.

ఐరిష్ అంటే ఐర్లండ్ వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషే కదా?

కాదు. అది వేరే భాష. దాన్ని వాళ్ళు ‘గేల్గె’ అంటారు. ఇంగ్లీషుకి దగ్గరి చుట్టం కూడా కాదు. కెల్టిక్ శాఖకు చెందింది. స్కాట్లండ్‌లోని గేలిక్ దానికి తోబుట్టువు, వేల్స్‌లోని వెల్ష్ కొంచెం దూరపు బంధువు. 1937 రాజ్యాంగం ప్రకారం ఐర్లండ్‌కి మొదటి అధికార భాష ఇదే, ఇంగ్లీషుది రెండో స్థానం. 2007 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లోనూ ఒకటి. కానీ రోజంతా ఇంటా బయటా ఇదే మాట్లాడే ప్రాంతాలు ఎక్కువగా పశ్చిమ తీరంలోనే మిగిలాయి. వాటిని ‘గేల్‌తఖ్త్’ అంటారు.

ఇన్ని మాటలుండగా ‘బో’నే ఎందుకు?

రోమన్ లిపిలో రాస్తే రెండే అక్షరాల మాట. కానీ ఐరిష్‌లో కొత్తవాళ్ళకి టెన్షన్ పెట్టే విషయాలు దాదాపు అన్నీ దీంట్లో కనిపిస్తాయి. లింగం, మాట మొదటి హల్లు మారిపోవడం, షష్ఠీ విభక్తి, అంకెల తర్వాత వింత రూపాలు, అన్నీ. పైగా దీని కథ వెతుక్కుంటూ పోతే తిరుమల కొండ మీద వినిపించే ఒక పేరు దాకా వస్తుంది. ఆ సంగతి కిందకి వచ్చాక చెప్తాను.

ఎలా పలకాలి?

మన ‘బో’ లాగే, ఓ దీర్ఘం తీసి. రాతలో ఓ మీద ఏటవాలుగా ఒక గీత ఉంటుంది, దాన్ని ‘ఫద’ అంటారు, అంటే పొడుగు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘బౌ’ అన్నట్టు సాగదీస్తారు. మనకి ఒ, ఓ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

జాగ్రత్త పడాల్సింది మరో చోట. ఐరిష్‌లో ప్రతి హల్లుకీ రెండు రకాలుంటాయి, ఒకటి మామూలుది, ఇంకొకటి య ఒత్తు తగిలినట్టుండేది. ‘బో’ అంటే ఆవు, ‘బ్యో’ అంటే ప్రాణంతో ఉన్న అని అర్థం. తేడా మనకి చెవికి ఆనుతుంది, నోటికీ పలుకుతుంది.

‘బో’కీ మన ‘గోవు’కీ చుట్టరికం ఉందంటారు. నిజమేనా?

నిజమే. ఊహ కాదు, భాషాశాస్త్రంలో గట్టిగా నిలబడిన సంగతుల్లో ఇదొకటి. సంస్కృతం, ఐరిష్, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబం. ఆ మూలభాషలో ఆవుని పిలిచే మాట మొదట్లో ‘గ్వ’ లాంటి శబ్దం ఉండేది. పెదాలు గుండ్రంగా చుట్టి అనే గ. సంస్కృతంలో ఆ పెదాల చుట్టుడు పోయి గ మిగిలింది: గౌః. ఐరిష్‌లో గ పోయి పెదాలే మిగిలాయి: బో. గ్రీకులోనూ అంతే, బూస్. ఇంగ్లీషులో అది గట్టిపడి క అయింది: కౌ.

ఒక్క మాట చూసి పోలిక అనేస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. అదే మార్పు వేరే మాటల్లోనూ వరసగా కనిపించాలి. కనిపిస్తుంది. సంస్కృతం ‘జీవ’ ఐరిష్‌లో ‘బ్యో’, ఇంగ్లీషులో ‘క్విక్’. క్విక్‌కి పాత అర్థం వేగం కాదు, ప్రాణం ఉన్నది అనే. వేదకాలపు సంస్కృతంలో స్త్రీ అనే అర్థమున్న ‘జని’ ఐరిష్‌లో ‘బ్యాన్’, ఇంగ్లీషులో ‘క్వీన్’. గో-బో-కౌ, జీవ-బ్యో-క్విక్, జని-బ్యాన్-క్వీన్. మూడు వరసలూ ఒకే అచ్చులో పోసినట్టు లేవూ? విస్కీ అనే మాటకి మూలమైన ఐరిష్ మాట ‘ఇష్కె బ్యాహ’లో కూడా ఈ జీవమే ఉంది. ఇష్కె అంటే నీళ్ళు, బ్యాహ అంటే జీవితం. జీవజలం అన్నమాట. తాగేవాళ్ళు కాదనరు.

అయితే తెలుగు, ఐరిష్ చుట్టాలేనా?

కాదు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ‘గోవు’ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాట. మన సొంత మాట ‘ఆవు’, తమిళంలో పాత మాట ‘ఆ’. అది ద్రావిడ భాషల సొత్తు, ‘బో’తో దానికి ఏ సంబంధమూ లేదు. గోవు అన్నప్పుడు మాత్రం మనం ఐరిష్‌వాళ్ళ బంధువు మాటనే అరువు తెచ్చుకుని వాడుతున్నాం.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని అచ్చులో మొదట వాదించింది ఫ్రాన్సిస్ ఎల్లిస్. 1816లో వచ్చిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఆయన రాసిన ముందుమాటలో ఆ వాదన ఉంది. తర్వాత 1856లో ద్రావిడ భాషలన్నిటినీ కలిపి తులనాత్మక వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్‌వెల్ పుట్టింది ఎక్కడనుకుంటున్నారు? 1814లో, ఐర్లండ్‌లోని ఆంట్రిమ్ జిల్లాలో.

‘బో’ది ఏ లింగం?

స్త్రీలింగం. ఆవు కాబట్టి సహజమే అనుకోకండి. నేటి ఐరిష్‌లో పుం, స్త్రీ లింగాలు రెండే ఉన్నాయి, ప్రతి వస్తువూ ఏదో ఒక గూట్లో పడాలి. చాలాసార్లు దానికి తర్కం ఉండదు. అమ్మాయి అనే అర్థమున్న ‘కల్యీన్’ వ్యాకరణం ప్రకారం పుంలింగం! కానీ ఆ అమ్మాయి గురించి తర్వాతి వాక్యంలో మాట్లాడాల్సి వస్తే ‘ఆమె’ అనే అంటారు. నవ్వుకునే ముందు మన సంగతి చూసుకోవాలి. మనం ‘అమ్మాయి వచ్చింది’ అంటాం, ‘ఆవు వచ్చింది’ అంటాం, ‘బస్సు వచ్చింది’ అని కూడా అంటాం. మగవాడికి మాత్రమే ‘వచ్చాడు’.

సరే, అసలు ప్రశ్న. ‘బో’ ఒకసారి ‘వో’, ఒకసారి ‘మో’ ఎందుకవుతుంది?

ఇది కుదురుగా కూర్చుని చదవాల్సిన జవాబు.

ముందు రూపాలు చూడండి. ఐరిష్‌లో ‘ఆ, ఫలానా’ అనే అర్థంలో నామవాచకానికి ముందు ‘అన్’ లేదా ‘న’ వస్తుంది.

అన్ వో: ఆ ఆవు.
న బో: ఆ ఆవు యొక్క.
న బ: ఆ ఆవులు.
న మో: ఆ ఆవుల యొక్క.

బహువచనంలో ‘బ’ హ్రస్వం. నాలుగు రూపాల్లో మాట మొదలే మూడు రకాలుగా వినిపిస్తోంది. మన భాషలో మాట చివర మారుతుంది: ఆవు, ఆవులు, ఆవుల. వీళ్ళకి మొదలు మారుతుంది. నిఘంటువులో వెతుక్కోవాలంటే ముందు ఈ ముసుగు తియ్యాలి. కొత్తవాళ్ళు ఇక్కడే పుస్తకం మూసేస్తారు.

మనం మూసెయ్యక్కర్లేదు. పదో తరగతిలో బట్టీ పట్టిన సంధులు గుర్తున్నాయా? పూచెను + కలువలు = పూచెను గలువలు. కలువలు గలువలు ఎందుకయ్యాయి? ముందు మాట చివర ‘న’ అనే ద్రుతం ఉంది కాబట్టి. అది సరళాదేశ సంధి. వారు + పోరు = వారు వోరు, తల్లి + తండ్రి = తల్లిదండ్రులు, కూర + కాయ = కూరగాయ. ఇది గసడదవాదేశం. అంటే ముందు మాట చివరి శబ్దం, వెనక మాట మొదటి హల్లుని మెత్తబరుస్తుంది. ఐరిష్‌లో జరిగింది సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే. మెత్తబరిచిన ఆ చివరి శబ్దం వందల ఏళ్ళ కింద రాలిపోయింది, అది చేసిన మార్పు మాత్రం మిగిలింది. పూచెఁ గలువలు అని రాసినప్పుడు ‘ను’ పోయి అరసున్న మిగిలి, గ మాత్రం గ గానే ఉండిపోయినట్టు. ఇంకో అడుగు వేసి ఆ అరసున్న కూడా చెరిపేస్తే ఐరిష్ వస్తుంది.

ఆ ‘అన్’, ‘న’ల పాత రూపాల చివర ఏముండేదో తెలిస్తే అంతా తేలిపోతుంది. సంస్కృతం చదువుకున్నవాళ్ళు రమా శబ్దం గుర్తు చేసుకోండి. ప్రథమ ఏకవచనం ‘రమా’, చివర అచ్చు. షష్ఠి ‘రమాయాః’, చివర విసర్గ. ప్రథమ బహువచనం ‘రమాః’, మళ్ళీ విసర్గ. షష్ఠీ బహువచనం ‘రమాణామ్’, చివర మ్. ఐరిష్ స్త్రీలింగపు ‘అన్, న’లకీ పూర్వం ఇలాంటి చివరలే ఉండేవి. ఇప్పుడు వరసగా చూడండి.

చివర అచ్చు ఉన్నచోట, రెండు అచ్చుల మధ్య పడి బ మెత్తబడి వ అయింది: అన్ వో. దీన్ని వాళ్ళు ‘షేవూ’ అంటారు, అంటే మెత్తబరచడం. చివర స ఉన్నచోట ఆ స అడ్డుపడింది, బ మారలేదు: న బో, న బ. చివర అనునాసికం ఉన్నచోట బ ముక్కులోకి జారి మ అయింది: న మో. దీని పేరు ‘ఉరూ’.

ఈ ఉరూ ‘క’ మీద పడితే ఏమవుతుందో తెలుసా? ‘గ’ అవుతుంది. పిల్లి ‘కత్’, పిల్లుల యొక్క ‘న గత్’. కలువలు, గలువలు. ఈ సంగతి తట్టిన రోజు నేను వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. “ఈ పోపు మాడిపోయేలోగా ముగించండి” అంది. తెలుగు మాస్టారి కూతురే మరి.

బి-హెచ్ అని రాసి వ అనడమేంటి?

ఇది మనవాళ్ళు తప్పకుండా పొరబడే చోటు. మనం ఇంగ్లీషు అక్షరాల్లో భ రాయాలంటే బి-హెచ్ వాడతాం: భాస్కర్, భవాని. ఐరిష్‌లో ఆ హెచ్‌ని విడిగా పలకరు. ఇక్కడ బి మెత్తబడింది అని చెప్పే గుర్తు అది. పాత ఐరిష్ లిపిలో హెచ్ బదులు అక్షరం నెత్తిన ఒక చుక్క పెట్టేవాళ్ళు. మామూలు రోమన్ అచ్చులోకి మారాక ఆ చుక్క స్థానంలో హెచ్ వచ్చి కూర్చుంది. షివాన్ అనే అమ్మాయి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ‘సియోభన్’ లాగా కనిపించేది ఇందుకే. ఐరిష్ బాగా అలవాటైన కన్ను ‘భవాని’ని చూస్తే ‘వవాని’ అనిపిస్తుంది, తప్పు పట్టలేం.

ఈ వ కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. దక్షిణాన మన్‌స్టర్‌లో పళ్ళు పెదవికి ఆనించి వ అంటారు. పశ్చిమాన కానక్ట్, ఉత్తరాన అల్‌స్టర్‌లలో పెదాలు చుట్టి అంటారు. ఉరూ మాత్రం రాతలో ఎం-బి అని రెండక్షరాలూ చూపిస్తుంది. పలికేది మ ఒక్కటే, బి అసలు రూపం గుర్తుండటానికి ఉంచారు.

తెల్ల ఆవు అనాలంటే?

మనకి ‘తెల్ల’ ఎప్పుడూ తెల్లే. తెల్ల ఆవు, తెల్ల ఆవులు, తెల్ల ఆవుకి. ఐరిష్‌లో విశేషణం ఆవు వెనక నడుస్తుంది, ఆవుతో పాటు మారుతుంది. తెలుపు ‘బాన్’. ఆ తెల్ల ఆవు: అన్ వో వాన్. ఆ తెల్ల ఆవు యొక్క: న బో బానె. ‘బో’ షష్ఠిలో మారదు కాబట్టి షష్ఠి అని పట్టించేది దాని ముందున్న ‘న’, వెనకున్న ‘బానె’.

అతని ఆవు, ఆమె ఆవు, వాళ్ళ ఆవు. ఈ మూడిటికీ ఒకటే మాటట?

ఒకటే మాట, ‘అ’. నమ్మండి.

అ వో: అతని ఆవు.
అ బో: ఆమె ఆవు.
అ మో: వాళ్ళ ఆవు.

ఎవరి ఆవో చెప్పేది సర్వనామం కాదు, ఆవు మొదటి హల్లు. మా అమ్మాయి క్లాసులో దీని మీద ఒక పూట ఆట ఆడించారు. టీచర్ అ వో అనగానే అబ్బాయిలు, అ బో అనగానే అమ్మాయిలు, అ మో అంటే అందరూ లేచి నిలబడాలి.

దీని వెనక కథ ఇంకా బాగుంటుంది. విష్ణు సహస్రనామం మొదట్లో ‘అస్య శ్రీ విష్ణోర్దివ్యసహస్రనామ స్తోత్రమహామంత్రస్య’ అని చదువుతాం కదా, ఆ ‘అస్య’ని పట్టుకోండి. అస్య, అంటే ఇతని, దీని. ఆమెకి ‘అస్యాః’. వాళ్ళకి ‘ఏషామ్’. ఐరిష్ ‘అ’ మూడు చోట్లా ఈ మూడింటి తోబుట్టువుల నుంచి వచ్చిందే. అస్య చివర అచ్చు, అందుకే మెత్తబడి వో. అస్యాః చివర విసర్గ, అందుకే మారని బో. ఏషామ్ చివర మ్, అందుకే మో. మాటలు మూడూ అరిగిపోయి ఒకే ‘అ’ అయ్యాయి. కానీ ఒక్కొక్కటీ పక్కింటి మాట మీద తన వేలిముద్ర వదిలి వెళ్ళింది.

ఆవుల్ని లెక్కపెట్టడం ఎలా?

లెక్కలో బహువచనం రాదు, అంకె తర్వాత ఏకవచనమే. ఒకటికి ‘బో అవాన్’. రెండు నుంచి ఆరు దాకా వో: ఘా వో, త్రీ వో, కెహ్రె వో, కూగ్ వో, షే వో. ఏడు నుంచి పది దాకా మో: ష్యాఖ్త్ మో, ఒఖ్త్ మో, నీ మో, జెహ్ మో.

ఏడు దగ్గర ఎందుకు తిరిగిందంటే మళ్ళీ పాత చివరలే. లాటిన్‌లో సెప్టెమ్, నొవెమ్, డెకెమ్ అని మ తో ముగుస్తాయి. ఇంగ్లీషులో సెవెన్, నైన్, టెన్ అన్నిటికీ చివర న ఉంది చూడండి. ఆ ముక్కు శబ్దమే ఐరిష్‌లో ఆవుని మో చేసింది. ఎనిమిదికి అలాంటి చివర లేదు, ఇంగ్లీషు ఎయిట్‌కీ లేదు. అది అటూ ఇటూ ఉన్న ఏడునీ తొమ్మిదినీ చూసి నేర్చుకుంది.

“నాకు ఆవు ఉంది” అని ఎలా అంటారు?

ఇక్కడ మనం ఇంగ్లీషువాళ్ళ కంటే ముందుంటాం. ఐరిష్‌లో ‘కలిగి ఉండటం’ అనే క్రియ లేదు. ‘తా బో అగమ్’ అంటారు. తా అంటే ఉంది, బో ఆవు, అగమ్ అంటే నా దగ్గర. మన వాక్యాన్నే వెనక నుంచి ముందుకి చదివినట్టు. వాళ్ళకి క్రియ మొదట్లో, మనకి చివర్లో. ‘ఆ ఆవు నాది’ అనడానికి వేరే వాక్యం ఉంది: ‘ఇస్ ల్యుమ్ అన్ వో’. దగ్గర ఉండటం వేరు, సొంతం కావడం వేరు. అప్పు తెచ్చుకున్న బండి నా దగ్గర ఉంది కానీ నాది కాదు అన్న తేడా.

‘బ’ అనే బహువచనం నిజంగా వాడతారా?

వాడతారు. మంచి సామెతే ఉంది: ‘బీన్ ఐర్కె ఫద ఎర్ న బ హర్ ల్యార్’. సముద్రం అవతలి ఆవులకి కొమ్ములు పొడుగ్గా ఉంటాయి. మన పొరుగింటి పుల్లకూర. మొదటి మాట ‘బీన్’ని గమనించండి. తా అంటే ఉంది, బీన్ అంటే ఉంటుంది. ఈ ఉంది-ఉంటుంది తేడా ఇంగ్లీషువాళ్ళకి ఐరిష్‌లో ఒక పాఠం మొత్తం, మనకి ఒక్క నిమిషం. అమెరికాలో, ఐర్లండ్‌లో ఉద్యోగాలు చేసుకునే మనకి ఈ సామెత కొంచెం గుచ్చుకుంటుంది కూడా.

రోడ్డు బోర్డుల మీద కనిపించే ‘బోహర్’లో ఉన్నది ఈ బోనేనా?

ఇదే. బోహర్ అంటే రోడ్డు, అసలు అర్థం ఆవుల దారి. రాతలో మధ్యన టి-హెచ్ ఉంటుంది, పలకడం హ. ఐర్లండ్‌లో బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి కాబట్టి డబ్లిన్‌లో బస్సెక్కిన ప్రతివాడూ రోజుకి పదిసార్లు ఆవుని చూస్తాడు, తెలియకుండానే.

దక్షిణ ఐర్లండ్‌లోని క్యాషెల్‌ని ఏలిన రాజు, బిషప్ కూడా అయిన కోర్మాక్ 908లో చనిపోయాడు. ఆయన పేరు మీద ఉన్న పాత నిఘంటువు బోహర్ వెడల్పు ఎంతుండాలో చెప్తుంది: రెండు ఆవులు పట్టాలి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. ఆర్ అండ్ బీ ఇంజనీర్లకి కూడా ఇంత తేలిగ్గా గుర్తుండే కొలత దొరకదు. ఆ నిఘంటువు ఇంగ్లీషు అనువాదం 1868లో అచ్చయింది మన కలకత్తాలో. దాన్ని అచ్చు వేయించిన విట్లీ స్టోక్స్ డబ్లిన్‌లో పుట్టి, న్యాయశాఖ ఉద్యోగాల మీద 1862లో ఇండియా వచ్చిన పండితుడు.

చిన్న బోహర్ ‘బోహ్రీన్’. ఇంగ్లీషులోకి ‘బొరీన్’గా వెళ్ళింది. రెండు వైపులా కంచె మొక్కలు, మధ్యలో గడ్డి మొలిచిన సన్నటి పల్లె దారి.

‘బువఖిల్’ అంటే అబ్బాయి కదా, అందులో ఆవెక్కడుంది?

మొదటి సగంలో. మూలార్థం ఆవులు కాసేవాడు. గ్రీకులో ‘బూకొలోస్’ ఇదే మాట. ఊళ్ళో పిల్లలందరి పనీ అదే కాబట్టి కాపరి కాస్తా అబ్బాయి అయిపోయాడు. రెండో సగానికి మూలమైన ధాతువు సంస్కృతంలో ‘చర్’ అయింది, తిరగడం. అంటే గో, చర్ కలిసిన మన ‘గోచరం’, ఐరిష్ బువఖిల్ ఒకే సామానుతో కట్టిన రెండు ఇళ్ళు. గోచరం ముందు ఆవులు తిరిగే మేర, తర్వాత కంటికి ఆనే మేర. ఉగాదికి పంచాంగంలో గోచార ఫలాలు చూసుకునేటప్పుడు అక్కడ ఆవుని తలుచుకునేవాళ్ళెవరూ లేరు.

సినిమాల్లో కౌబాయ్‌ని ఐరిష్‌లో ‘బువఖిల్ బో’ అంటారు. ఆవు ఒకసారి లోపల ఉన్నా ఎవరికీ కనపడక, వెనక మళ్ళీ తగిలించారు. మనమేం తక్కువ? నూనె అంటేనే నువ్వుల నెయ్యి. ఇప్పుడు షాపులో ‘నువ్వుల నూనె’ అని అడగాలి.

గోవిందుడి పేరున్న నది ఐర్లండ్‌లో ఉందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

సగం. నది పేరు బోయిన్, ఇంగ్లీషులో బాయిన్. 5,000 ఏళ్ళ నాటి న్యూగ్రేంజ్ సమాధి దాని ఒడ్డునే ఉంది, 1690 నాటి ప్రసిద్ధ బాయిన్ యుద్ధం కూడా అక్కడే జరిగింది. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలమీ ఈ నదిని ‘బువిండా’ అని రాసుకున్నాడు. బు అంటే ఆవు, విండా అంటే తెల్లని. తెల్లావు. ఆ పేరుగల దేవత ఒక నిషిద్ధమైన బావి దగ్గరికి వెళితే నీళ్ళు పొంగి ఆమెని తరుముకుంటూ నదిగా పారాయని పాత కథ.

గోవింద, బువిండ. మొదటి సగం ఒకటే, అనుమానం లేదు. రెండో సగంలో అర్థాలు వేరు: మన ‘విందతి’ అంటే పొందడం, వాళ్ళ విండా అంటే తెలుపు. లోతుకి వెళితే రెండూ ‘చూడటం’ అనే ఒకే ధాతువు దగ్గర కలుస్తాయని చాలామంది పండితులు అంటారు. అంతమాత్రాన ఐర్లండ్‌లో వైష్ణవం ఉండేదని మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యకండి. రెండు చోట్లా ఆవే ఆస్తి అయినప్పుడు పేర్లు ఒకేలా పుడతాయి.

ఐరిష్ పురాణకథల్లో ఆవుకి అంత చోటుందా?

వాళ్ళ ప్రసిద్ధ పాత గాథ ‘తాయిన్ బో కువల్న్యె’. అంటే ‘కూలీ’ అనే ప్రాంతపు పశువుల్ని తోలుకుపోవడం. కానక్ట్ రాణి మేవ్, భర్త దగ్గరున్న తెల్లకొమ్ముల ఎద్దుకి సమానమైనది తనకి లేదని, అల్‌స్టర్‌లోని గోధుమరంగు ఎద్దు కోసం సైన్యాన్ని తీసుకెళ్తుంది. అల్‌స్టర్ వీరులంతా శాపం వల్ల మంచాన పడి ఉంటే, కూ హులిన్ అనే కుర్రవాడు ఒంటరిగా అడ్డుకుంటాడు. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం చదివినవాళ్ళకి ఈ దృశ్యం కొత్తగా ఉండదు. ఊళ్ళో వీరులు లేని సమయం, మందలు తోలుకుపోయే సైన్యం, ఎదురు నిలిచిన ఒక్కడు. మనకి సరదా కోసం ఉత్తరుడు కూడా ఉన్నాడు, వాళ్ళకి లేడు.

పాత ఐరిష్ చట్టాల్లో సొంత పశువులున్న స్వతంత్ర రైతుని ‘బో-అరె’ అనేవాళ్ళు. మనిషి హోదా ఆవుల మీద కొలిచేవాళ్ళు. మన గోత్రం, గోష్ఠి రెండూ ఆవుల దొడ్డి నుంచే కదా మొదలయ్యాయి. ఇప్పటికీ ఐర్లండ్‌లో మనుషుల కంటే పశువులే ఎక్కువ. 2022 జనాభా లెక్కల్లో మనుషులు 51 లక్షల పైచిలుకు.

ఉచ్చారణ ఎక్కడ వినొచ్చు?

టీంగ్లన్ అనే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువులో. మూడు ప్రాంతాల పలుకుబడులూ రికార్డు చేసి పెట్టారు. నా తెలుగు రాతని నమ్ముకోకుండా అక్కడ ఒకసారి వినండి. ముఖ్యంగా ఖ అని నేను రాసినది మన ఖ కాదు, గొంతులో గరగరమనే శబ్దం.

‘బో’ ఉన్న మాటల్లో మీకు బాగా నచ్చింది?

‘బ్యాలఖ్ న బో ఫిన్యె’. ఆకాశంలోని పాలపుంతకి ఐరిష్ పేరు. బ్యాలఖ్ అంటే దారి, న బో అంటే ఆ ఆవు యొక్క, ఫిన్యె అంటే తెల్లని, షష్ఠిలో. తెల్లావు దారి. ఈ ఫిన్యె, బోయిన్ నదిలోని విండా ఒకటే మాట. గాల్వే తీరాన ఉన్న ఇనిష్‌బోఫిన్ దీవి పేరులోనూ ఇదే ఆవు.

మన మాట చూడండి: పాలపుంత. మా అమ్మమ్మగారిది గోదావరి జిల్లా. అక్కడ పుంత అంటే పొలాల మధ్య నుంచి బండ్లు, పశువులు వెళ్ళే మట్టి దారి. సాయంత్రం గేదెలు పుంతలో దిగితే సైకిలు దిగి పక్కన నిలబడాల్సిందే. అచ్చంగా బొరీన్.

ఇది మా అమ్మాయికి చెప్పాను. ఆకాశం సంగతి పట్టించుకోలేదు. “మరి ఇక్కడ వో ఎందుకు అవలేదు?” అంది. ‘న’ చివర ఒకప్పుడు స ఉండేది కాబట్టి.